గ్యాస్ అని సర్దిచెప్పుకునే ముందు

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కలిగిరి దగ్గర పల్లె. మా అత్తగారికి 56 ఏళ్లు. షుగర్ వచ్చి పదకొండేళ్లయింది, మాత్రలు వాడుతున్నారు. 34 ఏళ్లకే గర్భసంచి తీసేశారు. ఇంటి పనీ, రెండు గేదెల పనీ ఆమే చూసుకుంటారు. మూడు వారాలుగా ఏదో తేడాగా ఉంది. గడ్డిమోపు ఎత్తుకుని వచ్చేసరికి కింది దవడ లాగుతోందంటున్నారు. కాసేపు కూర్చుంటే తగ్గిపోతోంది. కావలిలో పళ్ల డాక్టరుకు చూపిస్తే పళ్లు బాగానే ఉన్నాయన్నారు. అంట్లు తోముతూ మధ్యలో లేచి వచ్చి మంచం మీద వాలిపోతున్నారు. ఆమె పగటిపూట పడుకోవడం నేను ఎన్నడూ చూడలేదు. మొన్న రాత్రి రెండు గంటలకు లేచి కూర్చుని రెక్కల మధ్య బరువుగా ఉందన్నారు. వికారం, జాకెట్టు తడిసిపోయేంత చెమట. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు వచ్చి గ్యాస్ పైకి తన్నిందని ఇంజెక్షన్ వేశారు. గంటకు సర్దుకుంది. నిద్ర పట్టడం లేదంటే నిద్రమాత్రలు కూడా ఇచ్చారు. మర్నాడు సాయంత్రం ఈసీజీ తీయిస్తే నార్మల్ అన్నారు. ఇంకా హడావిడి ఎందుకని మామగారు, చెన్నైలో ఉన్న మా ఆయన అంటున్నారు. అత్తగారేమో 'గుండెలో నొప్పే లేదు, నాకేం గుండెపోటు' అంటున్నారు. పోయినేడు మా వీధిలో 50 ఏళ్లావిడ ఇలాగే నీరసం నీరసం అంటూ ఒక తెల్లవారుజామున చనిపోయారు. నాది ఉత్త భయమేనా? ఇంట్లో వాళ్లను ఎలా ఒప్పించాలి? నాకు 31 ఏళ్లు. రెండో కాన్పులో బీపీ పెరిగి ఎనిమిదో నెలలోనే ఆపరేషన్ చేశారు. ఇవన్నీ చూస్తుంటే నా గురించి కూడా భయమేస్తోంది.
– ఒక కోడలు

జవాబు:

అమ్మా, మీది ఉత్త భయం కాదు. మీ ఉత్తరం చదవగానే, మీరిచ్చిన నంబరుకు ఫోను చేయించి ఒక్క మాట చెప్పమన్నాను: ఆమెను ఈ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి, మీ ఆయన చెన్నై నుంచి వచ్చేదాకా ఆగవద్దు అని. ఆ మాట ఎందుకు అన్నానో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇంకా బయల్దేరకపోతే మాత్రం ఇది చదవడం ఆపి బయల్దేరండి. దారిలో చదువుకోవచ్చు.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది చెమట కాదు, దవడ. మోపు ఎత్తితే లాగుతోంది, కూర్చుంటే తగ్గుతోంది అని రాశారు. పంటినొప్పికి గడ్డిమోపు బరువుతో పనేముంది? పని చేస్తే వచ్చి, ఆపితే పోయే ఇబ్బంది బొడ్డు దగ్గర నుంచి దవడ దాకా ఎక్కడ కనిపించినా ముందు అనుమానించాల్సింది గుండెనే. గుండె కండరానికి రక్తం మోసుకెళ్లే నాళం సన్నబడినప్పుడు, మనిషి కూర్చుని ఉన్నంతసేపూ గుండె ఆ వచ్చే కాస్త రక్తంతోనే సరిపెట్టుకుంటుంది. బరువెత్తినా, గట్టు ఎక్కినా, బిందె మోసినా చాలదు. అప్పుడు తన బాధ బయటపెడుతుంది. దీన్ని యాంజైనా అంటారు. పళ్ల డాక్టరు పళ్లు బాగున్నాయని చెప్పి తన పని సరిగ్గానే చేశారు. పళ్లు బాగున్నప్పుడు దవడ ఎందుకు లాగుతోందని ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

మూడు వారాలు పనిలో ఉన్నప్పుడే వచ్చిన బాధ మొన్న రాత్రి నిద్రలో వచ్చింది. ఇది చిన్న మార్పు కాదు. అది అన్‌స్టేబుల్ యాంజైనా కావచ్చు, అంటే గుండెపోటుకు గుమ్మం దగ్గర ఉన్నట్టు. లేదా ఆ రాత్రి వచ్చింది గుండెపోటే కావచ్చు. రెండింటిలో ఏదన్నది ఆసుపత్రిలో తేలుతుంది. రెండూ కాకపోతే నాకన్నా సంతోషించేవాళ్లు ఉండరు, కానీ ఆ మాట కూడా పరీక్షల తర్వాతే అనాలి.

'గుండెలో నొప్పే లేదు కదా' అన్న మీ అత్తగారి మాటకు జవాబు చెబుతాను. గుండె లోపల నొప్పి పుడితే అది ఇక్కడే అని వేలు పెట్టి చూపించడం మన శరీరానికి చేతకాదు. గుండె నుంచి వచ్చే నరాలు వెన్నుపాములో చేరే చోటికే ఛాతీ, భుజాలు, చేతులు, వీపు పైభాగం నుంచి వచ్చే నరాలు కూడా చేరతాయి. కబురు ఎక్కడి నుంచి వచ్చిందో మెదడుకు స్పష్టంగా తెలియదు. అందుకే ఒకరికి ఎడమ చెయ్యి లాగుతుంది, ఒకరికి రెక్కల మధ్య బరువు, ఒకరికి మెడ, ఒకరికి దవడ. గుండెకూ జీర్ణాశయానికీ ఉమ్మడిగా వేగస్ అనే నరం ఉంది. వికారం, వాంతి, కడుపు పైభాగంలో పట్టేసినట్టు ఉండటం దాని వల్లనే. మనం గ్యాస్ ఖాతాలో వేసే లక్షణాల్లో సగం ఈ దారిలో గుండె నుంచి కూడా రాగలవు.

ఇవన్నీ మగవాళ్లలో రావని కాదు, ఆడవాళ్లలో ఎక్కువగా, ఒకదానితో ఒకటి కలిసి వస్తాయి. 2003లో అమెరికాలో గుండెపోటు నుంచి బయటపడ్డ 515 మంది మహిళలను ప్రశ్నించి ఒక అధ్యయనం ప్రచురించారు. వారిలో 43 శాతం మంది పోటు వచ్చిన సమయంలో ఛాతీనొప్పి లేదన్నారు. అంతకన్నా మీకు పనికొచ్చే విషయం ఇంకోటి ఉంది. 95 శాతం మందికి గుండెపోటుకు నెల రోజుల ముందు నుంచే ఏదో ఒక లక్షణం ఉంది. 70 శాతం మంది ఎన్నడూ లేని అలసట అన్నారు. సగానికి కాస్త తక్కువ మంది నిద్ర చెడిందన్నారు. నూటికి 42 మంది ఆయాసం అన్నారు. అంట్ల మధ్యలో లేచి వచ్చి మంచమెక్కిన మీ అత్తగారు ఆ పట్టికలో నిలువునా కనిపిస్తున్నారు.

అయితే ఈ మధ్య వాట్సాప్‌లో 'ఆడవాళ్లకు గుండెపోటులో ఛాతీనొప్పి రాదు' అని తిరుగుతున్న మాట నమ్మకండి. అది ఇంకో రకం ప్రమాదం. 2018లో వచ్చిన మరో అధ్యయనంలో 55 ఏళ్ల లోపు రోగులను సుమారు 3 వేల మందిని చూశారు. అక్కడ మహిళల్లో 87 శాతం మందికి ఛాతీలో నొప్పో, బరువో, బిగపట్టినట్టో ఉంది. మగవాళ్లలో ఇది దాదాపు 90 శాతం, పెద్ద తేడా లేదు. రెండు అధ్యయనాల్లో లెక్క ఇంత వేరుగా రావడానికి వయసుల తేడాతో పాటు ప్రశ్న అడిగిన తీరు కూడా కారణమని నా ఉద్దేశం. ఓపీలో నేను రోజూ చూసేదే ఇది. 'నొప్పి ఉందా అమ్మా' అంటే లేదంటారు. 'బరువుగా ఉందా, పట్టేసినట్టుందా, మండుతోందా' అంటే 'అదుంది' అంటారు. ఆడవాళ్లకు ఛాతీ ఇబ్బందితో పాటు మరో మూడు నాలుగు లక్షణాలు కలిసి వస్తాయి. చెప్పేటప్పుడు ఆ మూడు నాలుగే ముందు చెబుతారు, ఛాతీ సంగతి చివర్లో, అదీ అడిగితేనే. అదే 2018 అధ్యయనంలో, గుండెపోటుకు ముందే ఆ లక్షణాలతో డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లను విడిగా చూశారు. 'ఇది గుండెది కాదు' అని డాక్టరు అనుకున్నట్టు చెప్పినవారు మహిళల్లో 53 శాతం, పురుషుల్లో 37 శాతం. అది అమెరికా లెక్క. మన పల్లెల్లో ఆ 'కాదు' అనేవాళ్ల వరుసలో డాక్టరు కన్నా ముందు ఇంట్లో వాళ్లుంటారు, వాళ్లకన్నా ముందు ఆవిడే ఉంటుంది.

షుగర్ సంగతి విడిగా చెప్పాలి. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లలో నరాలు మొద్దుబారతాయి. అరికాళ్లలో స్పర్శ తగ్గడం అందరికీ తెలుసు, గుండె నరాలకూ అదే గతి పట్టవచ్చని చాలామందికి తెలియదు. నొప్పి లేకుండానే గుండెపోటు వచ్చిపోయే అవకాశం వీళ్లలో ఎక్కువ. ఒక్కోసారి చెమట, ఆయాసం, నీరసం తప్ప ఇంకేమీ ఉండదు. పైగా షుగర్ ఆడవాళ్ల గుండె మీద ఎక్కువ పగబడుతుంది. 8 లక్షల మందికి పైగా సమాచారాన్ని కలిపి చూసిన 2014 నాటి విశ్లేషణలో, షుగర్ వల్ల గుండెజబ్బు ముప్పు పెరిగే మోతాదు మగవాళ్లలో కన్నా ఆడవాళ్లలో 40 శాతానికి పైగా ఎక్కువని తేలింది. కాబట్టి పదకొండేళ్ల షుగర్ ఉన్న మనిషికి అర్ధరాత్రి చెమటలు పడితే ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే షుగర్ పడిపోయిందేమో వెంటనే చూడండి. అది బాగుందని తేలితే ఇక గుండే అనుకుని బయల్దేరండి. గ్లూకోమీటర్ లేకపోతే దాని కోసం వెతుకుతూ కూర్చోవద్దు.

మీరు ఆ గర్భసంచి సంగతి ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. నేను వదలను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురికి కాస్త పైన. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. మన జిల్లాల్లో ముప్పై అయిదు దాటకుండానే 'పిల్లలు పుట్టేశారు కదా, ఇక దానితో పనేముంది' అని తీసేసిన కేసులు చాలా కనిపిస్తాయి. ఆ ఆపరేషన్‌లో అండాశయాలు కూడా తీసేస్తే మనిషికి రాత్రికి రాత్రి ముట్లు ఉడిగిన దశ వచ్చినట్టే. అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఇచ్చే రక్షణ పదిహేనేళ్ల ముందే పోతుంది, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. పాత డిశ్చార్జి కాగితం బీరువాలో ఉందేమో చూడండి. ఉంటే పట్టుకెళ్లండి. లేకపోతే 34 ఏళ్లకు తీశారన్న మాటైనా డాక్టరు చెవిన వేయండి. అడగరు. మీరే చెప్పాలి.

ఇక ఆ రాత్రి ఇంజెక్షన్. ఆర్‌ఎంపీ గారిని నేను తిట్టబోవడం లేదు. రాత్రి రెండు గంటలకు మీ ఇంటికి వచ్చిన మనిషి ఆయనొక్కరే. కానీ గ్యాస్ ఇంజెక్షన్ వేశాక తగ్గింది కాబట్టి గ్యాసే అనుకోవడం తప్పు. యాంజైనా కూడా కాసేపట్లో తనంతట తానే తగ్గుతుంది. అప్పుడు ఈనో తాగి ఉంటే ఈనోకు, వాము నమిలి ఉంటే వాముకు ఆ పేరు దక్కుతుంది. నిజంగా గ్యాస్ అయితే దానికీ ఒక పద్ధతి ఉంటుంది. తిన్న తర్వాత పెరుగుతుంది, పడుకుంటే పుల్లటి తేన్పులు వస్తాయి, ఏళ్ల నుంచి అదే తీరులో వస్తూ పోతూ ఉంటుంది. మోపు ఎత్తితే వచ్చి దించితే పోదు. యాభై దాటిన షుగర్ మనిషికి మొదటిసారి వచ్చిన 'గ్యాస్'ను గుండెది కాదని రుజువయ్యేదాకా గుండెదే అనుకోవాలి. నిద్రమాత్రలు వెంటనే ఆపించండి. నిద్ర చెడటమే ఒక లక్షణమైనప్పుడు మత్తిచ్చి దాన్ని కప్పేస్తే, మళ్లీ అలా వచ్చిన రాత్రి ఆమె లేచి మిమ్మల్ని పిలవలేకపోవచ్చు.

మీ ఇంట్లో వాదనంతా ఈసీజీ మీద నిలబడి ఉంది కనుక దాని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. మామూలు ఈసీజీ గుండె కరెంటును పది సెకన్లు మాత్రమే నమోదు చేస్తుంది. ఆ పది సెకన్లలో ఇబ్బంది ఉంటే కనిపిస్తుంది, లేకపోతే లేదు. మీరు తీయించింది బాధ పోయిన పదహారు, పదిహేడు గంటల తర్వాత. రాత్రి కరెంటు పోయిందని చెబితే, మర్నాడు లైట్లు వెలుగుతుండగా వచ్చి అంతా బాగానే ఉందని వెళ్లిపోయిన లైన్‌మన్ మాట ఎంత పనికొస్తుందో ఆ కాగితమూ అంతే పనికొస్తుంది. గుండెపోటు నడుస్తున్న సమయంలో తీసిన మొదటి ఈసీజీ కూడా కొందరిలో మామూలుగానే ఉంటుంది. అందుకే ఆసుపత్రిలో అనుమానం ఉన్నంతసేపూ పదిహేను ఇరవై నిమిషాలకోసారి మళ్లీ తీస్తారు. గుండె వెనక గోడకు వచ్చే పోటు మామూలు పన్నెండు లీడ్‌ల ఈసీజీకి సరిగ్గా అందదు, దానికి వీపు మీద కూడా ఈసీజీ బిళ్లలు అతికించాలి.

ఇంకో మాట ఎవరూ బయటకు చెప్పరు. ఈసీజీకి జాకెట్టు తీయాలి. మన ఆడవాళ్లు సిగ్గుపడతారు, తీసే కుర్రాడు ఇంకా సిగ్గుపడతాడు. జాకెట్టు కాస్త పైకి జరిపి, రొమ్ము కింద అతికించాల్సిన బిళ్లలు ఎక్కడో ఒక చోట అతికించి పని కానిచ్చేస్తారు. బిళ్ల రెండంగుళాలు అటూ ఇటూ అయితే గీతలు మారిపోతాయి. నర్సమ్మను పిలవమని అడగండి, తెర వేయమని అడగండి. జాకెట్టు, లోపలి బట్ట పూర్తిగా తీయించి పైన తువ్వాలు కప్పండి. తాళి తీయనక్కర్లేదు, భుజం మీదకు జరిపితే చాలు. చాలామంది పెద్దవాళ్లు ఆ ఒక్క భయంతోనే ఈసీజీ వద్దంటారు. మీరు పక్కన నిలబడండి.

ఈసీజీతో పాటు రక్తంలో ట్రోపోనిన్ చూడాలి. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రొటీన్ అది. పోటు వచ్చాక కొన్ని రోజుల పాటు పెరిగే ఉంటుంది, అందుకే మొన్నటి రాత్రి సంగతి ఇప్పుడు కూడా పట్టుకోవచ్చు. ఒకసారి చూసి వదలకుండా కొన్ని గంటలు ఆగి మళ్లీ చూస్తారు, పెరుగుతోందా లేదా అన్నది ముఖ్యం. ఇందులోనూ ఆడవాళ్లకు అన్యాయం జరిగే చోటుంది. బాగా వాడుకలో ఉన్న ఒక హై సెన్సిటివిటీ (అతి తక్కువ మోతాదునూ పట్టే) కిట్‌లో లీటరు రక్తానికి మగవాళ్లకు 34 నానోగ్రాములు, ఆడవాళ్లకు 16 హద్దు. ఇద్దరికీ ఒకటే గీత గీసే ల్యాబ్‌లో 25 వచ్చిన ఆడమనిషి నార్మల్ అయిపోతుంది. రిపోర్టులో హద్దు ఏమని వేశారో చూసి అడగండి, అడిగితే తప్పేం లేదు. ఎకో, అంటే గుండె స్కానింగ్ కూడా తీయించండి. ట్రెడ్‌మిల్ పరీక్ష మాత్రం ఇప్పుడే ఒప్పుకోవద్దు. పడుకున్నప్పుడు కూడా బాధ వస్తున్న మనిషిని పరుగెత్తించడం ప్రమాదం.

ఒకవేళ గుండె నాళాలను బొమ్మ తీసి చూసే యాంజియోగ్రామ్ దాకా వెళ్లి 'పెద్ద బ్లాకులేమీ లేవు' అన్నా ఆమె బాధ అబద్ధమైపోదు. పెద్ద నాళాలు బాగుండి, కెమెరాకు అందని సన్న నాళాల్లో జబ్బు ఉండటం ఆడవాళ్లలో ఎక్కువ. నాళం గోడ లోపలి పొర చీలి గుండెపోటు రావడం కూడా ఎక్కువగా ఆడవాళ్లలోనే, అందులోనూ వయసులో ఉన్నవాళ్లలో, కొత్తగా ప్రసవించినవాళ్లలో చూస్తాం. తీవ్రమైన దుఃఖం, భయం తర్వాత గుండె ఒక పక్క బుడగలా ఉబ్బి అచ్చం గుండెపోటులా కనిపించే జబ్బును 1990లో జపాన్ వైద్యులు మొదట వర్ణించారు. ఆ రోగుల్లో పదింట తొమ్మిది మంది ముట్లు ఆగిన స్త్రీలే. 'బ్లాకుల్లేవు, టెన్షన్ పెట్టుకోకండి' అని పంపించేస్తుంటే, ట్రోపోనిన్ పెరిగి ఉన్నప్పుడు, మరి అది ఎందుకు పెరిగిందని అడగండి.

ఇదంతా ఇన్నాళ్లూ ఎందుకు పట్టించుకోలేదంటే, గుండె గురించి వైద్యశాస్త్రం నేర్చుకున్నది ఎక్కువగా మగవాళ్లను చూసి. గుండెపోటు రాకుండా ఆస్పిరిన్ ఆపుతుందా అని 1980లలో అమెరికాలో 22 వేల మంది డాక్టర్ల మీద పెద్ద పరీక్ష జరిపారు. ఆ 22 వేల మందిలో ఒక్క మహిళ లేదు. 1991లో, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల అధిపతిగా ఉన్న గుండె వైద్యురాలు బెర్నడైన్ హీలీ ఈ పక్షపాతం గురించి గట్టిగా రాశాకే కదలిక వచ్చింది. ఛాతీ పట్టుకుని కుప్పకూలే మగమనిషి బొమ్మ మన సినిమాల్లో, గోడ పోస్టర్లలో ఇప్పటికీ అలాగే ఉంది. అంట్ల దగ్గర నుంచి లేచి వచ్చి మంచం మీద వాలే ఆడమనిషి బొమ్మ ఎక్కడా వేయరు.

ఇంట్లో వాళ్లను ఒప్పించడం గురించి అడిగారు. 'గుండెపోటు' అన్న మాటతో మొదలుపెట్టకండి. భయపెడుతున్నావంటారు, చర్చ మీ మీదకు మళ్లుతుంది. 'ట్రోపోనిన్, ఎకో అని రెండు పరీక్షలు మిగిలిపోయాయి, అవి అయిపోతే నేను మళ్లీ నోరెత్తను' అనండి. మీ ఆయనకు మాత్రం సూటిగానే చెప్పవచ్చు. చెన్నైలో ఆయనకే రాత్రి రెండు గంటలకు చొక్కా తడిసేలా చెమట పట్టి వీపు బరువెక్కితే పక్క గదివాళ్లు ఈనో ఇచ్చి పడుకోబెట్టాలా, ఆటో పిలవాలా అని అడగండి. మామగారు బహుశా ఖర్చు గురించి ఆలోచిస్తూ ఉంటారు, ఆ మాట కోడలితో అనలేరు. రేషన్ కార్డు, ఆధార్ తీసుకెళ్లండి. గుండె చికిత్సలు, స్టెంటుతో సహా ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తాయి, నిన్నమొన్నటి దాకా ఆరోగ్యశ్రీ అన్నది అదే. అత్తగారికి అసలు అడ్డం గేదెలు. ఆమె ఆ మాట పైకి అనకపోయినా రెండు పూటలా పాలు ఎవరు పిండుతారన్నదే మనసులో ఉంటుంది. పక్కింటివాళ్లతో నాలుగు రోజులకు మాట్లాడి పెట్టి, ఆ తర్వాత ఆమెను అడగండి. సగం అభ్యంతరం అక్కడే పోతుంది.

ఎక్కడికి వెళ్లాలి? మీకు కావలి దగ్గర. నెల్లూరు దూరం. రాష్ట్రంలో 2023 నుంచి స్టెమీ అనే కార్యక్రమం నడుస్తోంది. ఏరియా ఆసుపత్రుల్లో, కొన్ని సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఈసీజీ తీసి పెద్దాసుపత్రి గుండె డాక్టరుకు పంపుతారు. రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిన రకం గుండెపోటు అని తేలితే టెనెక్టెప్లేస్ అనే గడ్డ కరిగించే ఇంజెక్షన్ అక్కడే ఉచితంగా వేస్తారు. బయట దాని ఖరీదు పదుల వేల రూపాయల్లో ఉంటుంది. మొదటి రెండు మూడు గంటల్లో పడితే అది చాలా మేలు చేస్తుంది, పన్నెండు గంటలు దాటితే ప్రయోజనం దాదాపు ఉండదు. అందుకని బాధ ఉన్న సమయంలో దగ్గరి ఆసుపత్రి దాటి నెల్లూరు దాకా పరుగెత్తవద్దు. ముందు కావలి, అక్కడి నుంచి వాళ్లు పంపితే నెల్లూరు. ఇప్పుడు బాధ లేదు కాబట్టి నేరుగా గుండె డాక్టరు ఉన్న ఆసుపత్రికి వెళ్లవచ్చు, కానీ ఓపీలో టోకెన్ తీసుకుని వరుసలో కూర్చోకండి. అత్యవసర విభాగానికి వెళ్లండి.

అక్కడ మొదటి మాట ఏం చెబుతారన్నది చాలా ముఖ్యం. 'నీరసంగా ఉందండీ' అంటే సెలైన్ పెడతారు. ఒక కాగితం మీద ఇలా రాసుకోండి: 'వయసు 56, షుగర్ పదకొండేళ్లు, 34 ఏళ్లకు గర్భసంచి తీశారు. మూడు వారాలుగా పని చేస్తే దవడ లాగుతోంది, కూర్చుంటే తగ్గుతోంది. మొన్న రాత్రి నిద్రలో వీపు బరువు, చెమట, వికారం, దాదాపు గంట. గుండెదేమోనని అనుమానం.' ఆఖరి వాక్యం తప్పకుండా చదవండి. ఆ తర్వాత ఆమెనే మాట్లాడనివ్వండి. మన దగ్గర భార్యను డాక్టరు అడిగితే భర్త జవాబు చెబుతాడు. మామగారిని మందుల కౌంటరు దగ్గరికి పంపించేయండి.

ఈలోగా మళ్లీ అలాగే వస్తే ఆగి చూడకండి. వెంటనే 108కు ఫోను చేసి, గుండెపోటు అనుమానమని ఆ మాటే వాడండి. ఆమెను ఆనుకుని కూర్చోబెట్టండి, బాత్‌రూమ్‌కు కూడా నడిపించకండి. బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని తీసుకెళ్లే పని అసలు చేయవద్దు. ఆస్పిరిన్ అలర్జీ, కడుపులో పుండు, రక్తస్రావం లాంటివి లేకపోతే 300 మిల్లీగ్రాముల మామూలు ఆస్పిరిన్ అలాగే మింగేయకుండా నమిలి మింగమని చెబుతారు, 108 వాళ్లను అడిగి ఇవ్వండి. పక్కింటాయన గుండెనొప్పికి వాడుకునే సార్బిట్రేట్ మాత్ర తెచ్చి నాలుక కింద పెట్టకండి. బీపీ తక్కువగా ఉన్న మనిషికి అది ప్రాణం మీదికి తేవచ్చు. మనిషి స్పృహ తప్పి ఊపిరి ఆగిపోతే ఛాతీ మధ్యలో రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి పెట్టి, నిమిషానికి వంద నుంచి నూట ఇరవై సార్లు, రెండంగుళాల లోతుకు గట్టిగా నొక్కుతూ ఉండాలి. ఆడమనిషి కదా అని చేయి వేయడానికి జంకే సమయం కాదది.

నీరసం ఉన్న ప్రతి ఆడమనిషికీ గుండెజబ్బు అని నేను అనడం లేదు. మన పల్లెల్లో నీరసానికి రక్తహీనత మొదటి కారణం, తర్వాత థైరాయిడ్, దిగులు. తేడా ఎక్కడంటే ఆ నీరసం కొత్తదా, పనితో పెరుగుతోందా, మనిషి అలవాటును మార్చేసిందా అన్న చోట. మీ వీధిలో పోయిన ఆవిడకు ఏమైందో నేను ఇక్కడి నుంచి చెప్పలేను, ఊహించను కూడా.

మీ గురించి. కాన్పు సమయంలో బీపీ పెరిగి, నెలలు నిండకముందే బిడ్డను తీయాల్సి వచ్చిన స్త్రీలకు తర్వాతి జీవితంలో బీపీ, గుండెజబ్బు, పక్షవాతం వచ్చే అవకాశం మిగతావాళ్ల కన్నా ఎక్కువ. కాన్పుతోనే ఆ సంగతి ముగిసిపోయిందని అందరూ అనుకుంటారు, డాక్టర్లు కూడా ఆ ఫైలు మూసేస్తారు. భయపడాల్సినంత ఏమీ లేదు, చూసుకుంటూ ఉండాలి. ఏడాదికోసారి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్ష చేయించుకోండి. మళ్లీ గర్భం వస్తే మొదటి నెలలోనే ఈ సంగతి డాక్టరుకు చెప్పండి. అత్తగారితో వెళ్తున్నారు కాబట్టి మీ కాన్పు కాగితాలూ ఆ కవర్లోనే పెట్టుకుని, ఆమె పరీక్షల కోసం ఆగే సమయంలో మీ బీపీ కూడా అక్కడే చూపించుకోండి.